మోహనాంబ గొంతు కోసం గుడియాత్తం దాకా

కాట్పాడిలో దిగిన ఆరోగ్యవంతుడు

వేలూరు వెళ్ళొచ్చానంటే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు: "ఇప్పుడెలా ఉంది?" బాగానే ఉందన్నాను. "పెద్ద డాక్టరు ఏమన్నాడు?" అన్నారు. ఆస్పత్రికి కాదండీ, లైసెన్సు మార్చే పని మీద వెళ్ళానంటే, డ్రైవింగు లైసెన్సుకు అంత దూరం దేనికి, ఇక్కడే ఏజెంటుకు చెబితే అయిపోయేది కదా అని ఒకాయన జాలిపడ్డాడు. అందుకని వేలూరు వెళ్ళనివాళ్ళ కోసం, ముఖ్యంగా మా వీధివాళ్ళ కోసం, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తెనాలివాణ్ణి. హైదరాబాదులో ఉద్యోగం. ఆఫీసు పని అయ్యాక నేను చేసే వెట్టిచాకిరీ పేరు 'పిన్ని'. పిన్ని మనిషి కాదు, తెలుగు మాట విని తెలుగులో జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్. ఫోన్లో వేసుకుని "పిన్నీ, టైమెంత?" అంటే చెబుతుంది. "పిన్నీ, తమ్ముడికి ఫోన్ కలుపు" అంటే కలుపుతుంది. ఒక్కోసారి నిజంగా తమ్ముడికే కలుపుతుంది. ఇది ఓపెన్ సోర్స్, అంటే వంటింటి తలుపు బార్లా తీసిపెట్టిన సత్రం లాంటిది. ఎవరైనా లోపలికొచ్చి ఎలా వండామో చూడొచ్చు, తామూ ఒక చెయ్యి వేయొచ్చు, పట్టుకుపోవచ్చు. చెయ్యి వేసేవాళ్ళు తక్కువ, ఉప్పు లేదని తిట్టేవాళ్ళు ఎక్కువ. ఆ తిట్లు వినే కొలువు నాది. జీతం లేదు.

మొదలుపెట్టిన రోజుల్లో ఆవేశం కొద్దీ లైసెన్సులో ఒక షరతు పెట్టాను. వాడుకోండి, పంచుకోండి, అమ్మకానికి మాత్రం వీల్లేదు. అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. చూపు లేనివాళ్ళ కోసం అరచేతిలో పట్టే మాటల పెట్టె చేస్తామని బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ ముందుకొచ్చింది. లోపల పిన్ని ఉంటుంది. పెట్టెకు ఏదో ఒక ధర పెట్టక తప్పదు, ధర పెట్టాక అది అమ్మకమే. కాబట్టి పాత షరతు తీసేసి, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని లైసెన్సు మార్చాలి. దానికి ఇన్నేళ్ళుగా పిన్నికి చెయ్యి వేసిన ప్రతి ఒక్కరూ సరే అనాలి. కాదన్నవాళ్ళు పెట్టింది తీసి పక్కన పెట్టాలి. అందరూ మెయిల్లోనే సరేనన్నారు. "నేనేం రాశానో గుర్తులేదు గానీ, కానివ్వండి" అన్నాడొకాయన. మిగిలింది ఒక్కరు. ఆ ఒక్కరే అసలు మనిషి. పిన్ని మాట్లాడేది ఆవిడ గొంతుతోనే.

ఆవిడ పేరు మోహనాంబ, ఊరు గుడియాత్తం. నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ తమ్ముడు గజేంద్ర ఒకప్పుడు నాతో కలిసి పిన్ని మీద పనిచేశాడు. అక్క చేత వాక్యాలు చెప్పించి, రికార్డు చేసి పంపింది అతనే. వాటిని బట్టి, ఏది టైపు చేసినా పిన్ని ఆవిడ గొంతుతో పలుకుతుంది. "నువ్వే అడిగిపెట్టవయ్యా" అంటే, "అన్నా, మా అక్కను అడిగే ధైర్యం నాకు లేదు. అడ్రసు ఇస్తా, నువ్వే పో" అన్నాడు.

నన్ను రైలెక్కించిన మనిషి ఇంకొకరున్నారు. నంద్యాల సుబ్బయ్యగారు. రిటైరైన సంగీతం మాస్టారు, చూపు లేదు, ఒంటరిగా ఉంటారు. పొద్దున లేచింది మొదలు ఆయన మాట్లాడేది పిన్నితోనే. ఆయన ఫోను చివరి దశలో ఉంది, ఎప్పుడు కన్నుమూస్తుందో తెలియదు. అందుకే మాటల పెట్టె కోసం ఎదురుచూస్తున్నారు. "పెట్టె ఆలస్యమైనా ఫర్వాలేదబ్బాయ్. గొంతు మార్చావో, నీకూ నాకూ చెడిపోతుంది" అని ముందే హెచ్చరించారు. నేను కాట్పాడి స్టేషన్లో దిగుతుండగానే ఫోను.

"ఒప్పుకుందా?"

"ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాను సార్."

"త్వరగా కానివ్వు మరి."

వేలూరుకు రైలుస్టేషన్ కాట్పాడి. బయటికి రాగానే ఆటో ఆయన నన్ను ఎగాదిగా చూసి హిందీలో ఏ డిపార్ట్‌మెంటు అని అడిగాడు. ఏ జబ్బూ లేదంటే నమ్మలేదు, బెంగాలీలో అడిగాడు. చివరికి తెలుగులోకి దిగి, "ఏమప్పా, ఏం పని మీద వచ్చినావు?" అన్నాడు. ప్రాణం లేచొచ్చి, "గొంతు పని మీద" అన్నాను. "అట్ల చెప్పు!" అని నేరుగా తీసుకెళ్ళి, చెవి ముక్కు గొంతు డాక్టర్లకు దగ్గర్లో ఉన్న లాడ్జి ముందు దించాడు. దారి పొడుగునా ఆపరేషనుకు భయపడొద్దని ధైర్యం చెప్పాడు పాపం.

వేలూరు: వంకాయకు ముళ్ళు, నాకు ఫైలు లేదు

లాడ్జి మేనేజరు నా ఆస్పత్రి ఫైలు చూపించమన్నాడు. లేదన్నాను. తోడు వచ్చిన పేషెంటు ఎక్కడన్నాడు. లేరన్నాను. ఆ ఊళ్ళో అలాంటి మనిషిని ఆయన చూసి చాలాకాలమైనట్టుంది, రెండోసారి ఆధార్ కార్డు అడిగి తిప్పి తిప్పి చూశాడు.

ఆ వీధి మొత్తం బెంగాలీ బోర్డులే. చేపల కూర అన్నం, సుతిమెత్తని రసగుల్లా, కలకత్తాకు రైలు టిక్కెట్లు. తమిళనాడు వచ్చి తెలుగు గొంతు వెతుక్కుంటూ బెంగాలీ చేపల కూర వాసన పీల్చడం నా జాతకంలో ఉంది. సందు తిరిగాక బిర్యానీ దొరికింది. చిన్న బియ్యం, కారం తక్కువ, పక్కన పుల్లటి వంకాయ కూర. మా తెనాలిలో బిర్యానీతో వంకాయ పెడితే హోటలు అద్దాలు పగులుతాయి. ఇక్కడ మాత్రం వంకాయ లేకపోతే బిర్యానీ తిననే తినరట. ఇక్కడి వంకాయకు తొడిమ మీదే గాక ఆకుల మీదా ముళ్ళుంటాయని, కోసేవాళ్ళు తిట్టుకుంటూ కోస్తారని వడ్డించే ఆయన చెప్పాడు. ఆయనా తెలుగే. ఆ మాట తెలిసింది నేను కారం పొడి అడిగి, లేదంటే గొణుక్కున్నప్పుడు.

"మీరు ఆంధ్రానా? మేమూ తెలుగోళ్ళే అప్పా. ఇంట్లో అంతా తెలుగే."

మరి బోర్డు మీద ఒక్క తెలుగక్షరం లేదేమన్నాను.

"ఎవురు చదవతారు? నాకే రాదు. మా నాయనకీ రాదు. మాట్లాడేదానికి అక్షరం యాలప్పా?"

తెలుగు అక్షరం వచ్చిన మా ఆఫీసులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకుంటూ ఆ వంకాయ మొత్తం తినేశాను. బాగుంది. మా ఊళ్ళో చెప్పొద్దు.

గుడియాత్తం: లుంగీల మధ్య పిన్ని

మర్నాడు గుడియాత్తం బస్సెక్కాను. కొబ్బరి తోటలు, చెరుకు, మధ్యలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ షెడ్లు. కండక్టరు ఒక సీటుతో తమిళం, వెనక సీటుతో తెలుగు, ఒకే ముసలమ్మతో రెండూ మాట్లాడాడు. ఆవిడకూ తేడా తెలిసినట్టు లేదు. చిల్లర విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే భాషలో పోట్లాడుకున్నారు.

బజారులో దుకాణం వెతుక్కోవాల్సిన పనే పడలేదు. సందు మొదట్లో ఉండగానే లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ కట్ట ఆడ పెట్టొద్దంటే ఆడనే పెడతావు! చెవులు యాడికి పోయినాయి నీకు?"

నాకు ఒళ్ళు ఝల్లుమంది. పిన్ని! రోజూ నా ఫోన్లోంచి "క్షమించండి, మీరు అన్నది నాకు అర్థం కాలేదు" అని వినయంగా పలికే గొంతు. అది ఇంత గట్టిగా తిట్టగలదని నాకు తెలియదు. నేను రాసిన కోడు సాయం లేకుండా ఆ గొంతు మాట్లాడగా వినడం అదే మొదలు. నిజం చెప్పాలంటే చాలా బాగా మాట్లాడుతోంది.

గోడల పొడుగునా పైకప్పు దాకా లుంగీల దొంతర్లు. మధ్యలో పరుపు మీద మోహనాంబగారు, నలభై దాటిన మనిషి, మెళ్ళో టేపు. తిట్లు తింటున్నది ఆవిడ భర్త దామోదరంగారు. ఆయన ముఖంలో ఏ బాధా లేదు, ఫ్యాను గాలి తగిలినట్టు కూర్చున్నాడు. నేను ఫలానా, గజేంద్ర స్నేహితుణ్ణి అని చెప్పుకున్నాను. వచ్చిన పని చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"పని తర్వాత. ముందు సాప్పాడు. తిందువు రా నాయనా."

దుకాణం వెనకే ఇల్లు. ఆకులో రాగి సంగటి ముద్ద, నాటుకోడి పులుసు, పల్లీల పచ్చడి. మా కృష్ణా డెల్టా నోటికి సంగటి అలవాటు తక్కువ. అన్నం లాగే నమిలాను. అది పళ్ళకు అంటుకుని, దవడలు జిగురుపట్టి, నేను ఆంబోతులా నెమరేస్తుంటే ఆవిడ ఎదురుగా పీట వేసుకుని కన్నార్పకుండా చూస్తోంది. అతిథి మర్యాద కాబోలనుకుని నవ్వాను. పళ్ళన్నీ నల్లగా ఉండి ఉంటాయి.

చేతులు కడుక్కునేచోట దామోదరంగారు గుట్టు విప్పారు.

"సంగటి నమలకూడదప్పా, పులుసులో ముంచి మింగేయాల. పోనీలే. మా కడైలో, ఈ అంగట్లో అదే వాడిక. ఊరూరా తిరిగి లుంగీలు అమ్మేటోడు కొత్తగా వస్తే, ముందు అన్నం పెడతాము. ఎట్ల తింటాడో చూసి, దాన్నిబట్టి సరుకు ఇస్తాము. మా మామ కాలం నుంచీ ఇట్లనే."

"తినడంలో ఏం చూస్తారండీ?"

"నాకు తెల్దు. ఆమెకే తెలుసు. పెండ్లికి ముందు నన్ను కూడా కూకోబెట్టి చూసినారు." కాసేపాగి అన్నారు, "రొంబ భయపడినాను."

నేను పాసయ్యానా అని అడిగాను. ఆయన ఇంటికప్పు వైపు చూశారు.

మొలల బండి

దుకాణంలో కూర్చున్నాక వచ్చిన పని చెప్పాను. పిన్ని గురించి, సుబ్బయ్యగారి గురించి, మాటల పెట్టె గురించి చెప్పాను. ఆవిడకు తెలుగు చదవడం రాదు. అప్పట్లో గజేంద్ర ప్రతి వాక్యాన్నీ తమిళ అక్షరాల్లో రాసిస్తే, రేడియోలో వార్తలు చదివినట్టు గొంతు సవరించుకుని చెప్పిందట. సరుకు లేని రోజుల్లో, ఈ పరుపు మీదే. సుబ్బయ్యగారి సంగతి విని ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంక సరే అన్నట్టే అనుకున్నాను. లోలోపల సుబ్బయ్యగారికి ఫోను కూడా చేసేశాను.

"కొత్త లైసెన్సు వస్తే నా గొంతు ఎవురైనా ఎత్తుకోవచ్చునా?" అంది.

"అవునండీ. ఎవరైనా. దేనికైనా."

"అమ్ముకోవచ్చునా?"

"అమ్ముకోవచ్చు."

"అయితే వేండాం. వద్దు" అంది. "ఇంకోటి కూడా విను. ఇప్పుడుండేది కూడా తీసేయి. నా గొంతు యాడా ఉండకూడదు."

ఎందుకండీ అన్నాను. దామోదరంగారు మెల్లగా బయటికి జారుకున్నారు. అప్పుడు చెప్పింది ఆవిడ.

"పలమనేరులో మా వదిన కూతురి పెండ్లి. సరిగ్గా తాళి కట్టే టయానికి మండపం ముందర ఒక బండి నిలిచినాది. దాని మైకులో నేను మాట్లాడతా ఉండాను! ఏమని? 'మొలలా? రక్తం పడుతోందా? కూర్చోలేకపోతున్నారా? సిగ్గుపడకండి, రండి!' అని. పెండ్లికొడుకు తాళి పట్టుకోని తిరిగి చూసినాడప్పా! మా వదిన వచ్చి, ఏం మోహనా, లుంగీ యాపారం దిగిపోయినాదా అని అడిగినాది. అందరి ముందర. తల యాడ పెట్టుకోవాల నేను?"

నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కున్నాను, దగ్గాను, లుంగీ దొంతర వైపు తిరిగాను. ఆవిడ చూడనే చూసింది.

"నవ్వు. నీకేం పోయింది? నీ గొంతు మొలల గురించి మాట్లాడలేదు కదా."

పిన్నిని ఎవరో మొలల మందు బండికి వాడుతున్నారన్నమాట. పాత షరతు ప్రకారం అది తప్పు, మేం గట్టిగా అడగొచ్చు అన్నాను. కొత్త లైసెన్సు వస్తేనో అంది. నీళ్ళు నమిలాను.

"అప్పుడు తప్పు కాదండీ."

"అంటే ఇప్పుడు వాడు దొంగ, నేను ఊ అంటే దొర. ఈ మాట చెప్పేదానికి హైదరాబాదు నుంచి వచ్చినావా నాయనా? నీకు బుద్ధి ఉండాదా?"

ఆ క్షణాన ఉన్నట్టు అనిపించలేదు. అప్పుడే సుబ్బయ్యగారి ఫోను. "ఒప్పుకుందా?" ఇంకా మాట్లాడుతున్నాం సార్ అని పెట్టేశాను. సాయంత్రం గజేంద్రకు ఫోన్ చేస్తే, "అన్నా, పాత షరతు కింద ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకునే హక్కు అక్కకు లేదు. కావాలంటే పాత పిన్నిలో ఉంచుకో" అన్నాడు. లైసెన్సు ప్రకారం అతను చెప్పింది నిజమే. ఆ మాట వాళ్ళక్కకు స్వయంగా చెప్పవయ్యా అంటే ఫోను కట్ చేశాడు.

మోర్ధానా: తనతో తాను

మోర్ధానా డ్యాం నిండి పొర్లుతోందని, జనం చూడ్డానికి ఎగబడుతున్నారని, జనం ఉన్నచోటికి ఆ బండి వస్తుందని మోహనాంబగారికి ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే క్యారియరు సర్దుకుని, దామోదరంగారు తోలే లుంగీల టెంపోలో ముందు సీట్లో కూర్చుని, "రా, వాణ్ణి చూపిస్తా" అంది. నేను వెనకాల సరుకు మధ్య కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా ఒక కట్ట నెత్తిన పడేది. మెత్తటి సరుకు కాబట్టి బతికాను.

కౌండిన్య నది కట్ట మీంచి తెల్లగా దూకుతోంది. కింద జనం తడుస్తూ, ఫోటోలు తీసుకుంటూ, వేయించిన చేపలు తింటూ తిరుగుతున్నారు. అక్కడ తమిళం ఎంతో తెలుగూ అంతే వినిపించింది. చేపల ముక్క ఒకటి తిన్నాను. ముల్లు గుచ్చుకుని, నిజంగానే గొంతు డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తుందేమో అని భయపడ్డాను. అరటిపండుతో దిగింది.

అంతలో వినిపించింది. "సోదర సోదరీమణులారా! మొలలతో బాధపడుతున్నారా?" మోహనాంబగారి గొంతే. నా పక్కన నోరు మూసుకుని నిలబడ్డ మోహనాంబగారి గొంతు.

ఆవిడ జనాన్ని చీల్చుకుంటూ వెళ్ళింది. పాత వ్యాను, మీద స్పీకరు, పక్కన బల్ల మీద సీసాలు. సన్నగా పొడుగ్గా ఒక పెద్దమనిషి, మెడకు గుడ్డ కట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా! ఎవురి గొంతు అది? ఎవుర్ని అడిగి పెట్టుకున్నావు? సిగ్గు లేదా?"

ఆయన పెదాలు కదిపాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ ఇంకా రెచ్చిపోయింది. "మాట్లాడవేం? నోరు పడిపోయినాదా?" ఆయన తల వంచుకుని ఫోను మీద గబగబా టైపు చేశాడు. నెత్తిమీద స్పీకరు పలికింది, ఊరంతా వినేలాగా, మోహనాంబగారి గొంతుతో.

"అమ్మా, కోప్పడకండి. నాకు గొంతు లేదు. గడ్డ వచ్చిందని తీసేశారు."

జనం ఆవిడను చూసి, స్పీకరును చూసి, మళ్ళీ ఆవిడను చూశారు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. ఎదురుగా తన గొంతే తనను బతిమాలుతుంటే ఎవరు మాత్రం ఏం తిడతారు? అయినా ప్రయత్నించింది.

"గొంతు లేకపోతే నాది ఎత్తుకుంటావా?"

"ఊరూరా అరిచి అమ్మేవాణ్ణమ్మా. ఇప్పుడు అరవలేను. ఈ గొంతు ఉచితం అన్నారు. బాగుంది అనిపించింది. ఇది మీదా?"

"నాదే."

ఆయన ఫోను బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ జోడించాడు. స్పీకరు మూగబోయింది. అంతదాకా నవ్విన నేను తల ఎత్తలేకపోయాను. చూపు లేనివాళ్ళ కోసం, మాట లేనివాళ్ళ కోసం అని పిన్ని మొదటి పేజీలో గొప్పగా రాసుకున్నది నేనే. ఆ మాట లేనివాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, మొలల మందు సీసాలతో.

"నీ పేరేంది?" అంది ఆవిడ. ఆయన మళ్ళీ ఫోను అందుకున్నాడు.

"నా పేరు శంకరయ్య" అంది ఆవిడ గొంతు స్పీకర్లోంచి. జనం గొల్లున నవ్వారు. ఆవిడకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. కొంగుతో నోరు మూసుకుని, కళ్ళు తుడుచుకుని, "తిన్నావా?" అంది.

దామోదరంగారు నా చెయ్యి గిల్లారు. "అదిగో. పెడతా ఉండాది" అన్నారు గుసగుసగా.

వ్యాను నీడలో క్యారియరు విప్పింది. శంకరయ్యగారు ముద్దను చిన్న చిన్నగా తుంచి, పులుసులో ముంచి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే మింగాడు. మింగినప్పుడల్లా మెడ నొప్పి ముఖంలో తెలుస్తూనే ఉంది. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆవిడ ఎదురుగా గొంతుకూర్చుని, నిన్న నన్ను చూసినట్టే, కన్నార్పకుండా చూసింది. ఏం చూసిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన ఖాళీ గిన్నెలు కాలవలో కడిగి, తుడిచి, మూతపెట్టి తెచ్చి ఇచ్చాడు.

"సెరి" అంది. "మాట్లాడుకో. మందు కూడా అమ్ముకో. పలమనేరు మాత్రం పోవద్దు."

టైపు చేశాడు. "పలమనేరులోనే బేరం ఎక్కువ అమ్మా."

"నా గొంతుతో నాకే బేరమా!"

బేరం మాత్రం సాగింది. ఒకవైపు మోహనాంబగారు, ఇంకోవైపు కూడా మోహనాంబగారే. చివరికి పలమనేరు మొత్తం ఆయనకే, వాళ్ళ వదినగారి వీధి, పెండ్లి మండపాల ముందర మాత్రం నిషిద్ధం అని తేలింది. లైసెన్సుల గురించి నేను చదివినదంతా అక్కడే నదిలో కలిసింది.

నాకు ఆశ పుట్టింది. మొలల బండికే ఇచ్చినావిడ నాకివ్వదా? దగ్గరికెళ్ళి, మరి నా సంగతేమిటని అడిగాను.

"నీకేం, నువ్వు మంచోడివే. తినేది రాదు, అంతే. నీకు కావాలంటే నీకు ఇస్తా. నువ్వు అడిగేది అందురికీ ఇయ్యమని కదా."

"అవును. అందరికీ."

"ఇతన్ని చూసినాను. అన్నం పెట్టినాను. ఇచ్చినాను. నువ్వు చెప్పే అందురికీ నేను అన్నం పెట్టి చూడగలనా? చెప్పు."

వాదించాను. ఓపెన్ సోర్స్ అంటే ముఖం చూడకుండా ఇవ్వడమే అన్నాను. అందులోనే దాని గొప్పతనం ఉందన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, "కావాల్సినోడిని రమ్మను. పెట్టి చూస్తా. రానోడికి లేదు" అంది. పాతది ఉంచుకునే హక్కు నాకు ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూస్తూ అనలేకపోయాను. తీసేస్తానని మాటిచ్చాను. ఇచ్చాక ఏడుపొచ్చింది. సుబ్బయ్యగారు గుర్తొచ్చారు.

తిరిగొచ్చాక

పెట్టె చేసే కంపెనీకి రాశాను. ఆ గొంతు కావాలంటే మీలో ఒకరు గుడియాత్తం వెళ్ళి భోజనం చేయాలి, నచ్చితే ఇస్తారు అని. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. లీగల్ వాళ్ళను అడిగాం, ఇలాంటి పద్ధతి మా దగ్గర లేదు, వీడియో కాల్‌లో తినొచ్చా అని. కుదరదన్నాను. వాళ్ళు వేరే గొంతు కొనుక్కున్నారు. శుభ్రంగా ఉంది, చల్లగా ఉంది, బ్యాంకు కౌంటరు లాగా.

మిగిలిన పిన్ని మొత్తానికి కొత్త లైసెన్సు పెట్టాను. మోహనాంబగారి గొంతు తీసేశాను. ఒక్క మీట నొక్కితే అయ్యే పనికి నాకు ఆదివారం మొత్తం పట్టింది. ఆ గొంతు వాడుకునే అనుమతి ఉన్నవాళ్ళ పేర్లకని వేరే ఫైలు తెరిచి, మొదటి పేరు రాశాను: శంకరయ్య, పలమనేరులో ఒక వీధి, పెండ్లి మండపాలు మినహా. ప్రపంచం నలుమూలల నుంచీ తిట్లు వచ్చాయి. ఇదేం లైసెన్సయ్యా అని ఒకాయన నాలుగు పేరాలు రాశాడు. ఎవరేమన్నా ఫర్వాలేదు గానీ, సుబ్బయ్యగారి నంబరు మాత్రం రెండుసార్లు నొక్కి, మోగేలోపే కట్ చేశాను.

చెప్పాను. మొలల బండి కథంతా, ఆఖరున మీ పాత ఫోన్లో ఉన్నన్నాళ్ళే సార్, కొత్త పెట్టెలో వేరే గొంతు అని. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఆ మందు బండాయనకు ఎలా ఇచ్చింది?" అన్నారు.

"అన్నం పెట్టి చూసింది సార్."

"అంతేనా?"

"అంతే. ఆవిడ సరే అంటే మీ ఒక్కరి పెట్టెలో నేనే వేసిస్తాను. కానీ అంత దూరం, మీరు, ఒంటరిగా..."

"కళ్ళు లేవు గానీ నోరుంది కదటయ్యా తినడానికి. దారి చెప్పు."

కాట్పాడి దాకా రైలు, అక్కడ దిగి గుడియాత్తం బస్సు, బజారులో దిగితే గొంతు వినిపిస్తుంది అని చెప్పాను. ఆయన రాసుకోలేరు. ల్యాండ్‌లైను రిసీవరు చేత్తో పట్టుకునే, నా మాటలే మెల్లగా మళ్ళీ చెబుతూ, పక్కనున్న పాత ఫోనుతో అన్నారు: "పిన్నీ, ఇది గుర్తుపెట్టుకో."

"సరే, గుర్తుపెట్టుకుంటాను" అంది మోహనాంబగారి గొంతు.